బాణీ కావాలట, మాట వద్దట!

అమెరికా నల్లవాళ్ల పోరాటం అనగానే మనకు బ్లాక్ పాంథర్లు గుర్తొస్తారు. ఆ పేరు చూసే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పుట్టారు. అక్కడి వాద్యగాళ్ల సంగతి మాత్రం మన పల్లెల్లో చెప్పినవాళ్లు తక్కువ. అందుకే ఈసారి ఒక వాద్యగాడి గురించి రాస్తున్నాం. పేరు చార్లెస్ మింగస్.

1922లో పుట్టి, లాస్ ఏంజెలిస్ నగరంలో వాట్స్ అనే పేటలో పెరిగాడు. చిన్నప్పుడు సెల్లో నేర్చాడు. సెల్లో అంటే కూర్చుని వాయించే పెద్ద ఫిడేలు, తెల్లదొరల కచేరీ వాద్యం. బడ్డీ కొలెట్ అనే స్నేహితుడు, తనూ నల్లవాడే, ఉన్నమాట చెప్పాడు. నల్లోడివి, ఎంత నేర్చినా ఆ కచేరీల్లో నీకు కుర్చీ వెయ్యరు, డబుల్ బాస్ పట్టుకోమన్నాడు.

డబుల్ బాస్ మనిషి కంటే ఎత్తుంటుంది. జాజ్ మేళంలో దాన్ని వేళ్లతో లాగి వాయిస్తారు. అందరూ దాని అడుగు మీదే నడుస్తారు, జనానికి కనబడేది మాత్రం ముందు నిలబడి బాకా ఊదేవాడు. (ఎక్కడో చూసినట్టుందా?)

మింగస్ కసితో నేర్చాడు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో వాయించిన హెర్మన్ రైన్‌షాగెన్ దగ్గర ఐదేళ్లు శిష్యరికం చేశాడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మేళంలో వాయించాడు. 1952లో డ్రమ్ము వాయించే మాక్స్ రోచ్‌తో కలిసి డెబ్యూ అనే సొంత రికార్డు కంపెనీ పెట్టాడు. మన పాటకు ధర వాళ్లెందుకు కట్టాలి?

ఇక అసలు సంగతి. 1957లో ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లపిల్లలు తెల్లపిల్లల హైస్కూల్లో చేరబోయారు. గవర్నర్ ఫాబస్ తుపాకుల సైన్యాన్ని పెట్టి అడ్డుకున్నాడు. తొమ్మిదిమంది బడిపిల్లలకు సైన్యం! చివరికి ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్ కేంద్ర సైన్యాన్ని పంపితేగాని లోపలికి పోలేకపోయారు. బడి గడప దాటడం అంటే ఏమిటో పంతుళ్లం, మాకు తెలుసు.

మింగస్ ఆ గవర్నర్ని ఎగతాళి చేస్తూ పాట కట్టాడు. 1959లో కొలంబియా కంపెనీ రికార్డులో బాణీ ఒక్కటే వచ్చింది. మాటలకు కంపెనీ ఒప్పుకోలేదంటారు. మరుసటి ఏడు కాండిడ్ అనే చిన్న కంపెనీలో మాటలతో సహా పాడాడు. మింగస్ అడుగుతుంటే డ్రమ్ము దగ్గరున్న డానీ రిచ్మండ్ జవాబిస్తాడు, మన బుర్రకథ వంతల్లాగ. మన మేళం పెళ్లికి కావాలి, జాతరకి కావాలి. మేళగాడు నోరు తెరిస్తే మాత్రం కుదరదంటారు. ఆ లెక్క అక్కడా అంతే.

మింగస్‌ని దేవుణ్ణి చెయ్యం. 1962లో తన మేళంలోని జిమ్మీ నెప్పర్ని నోటిమీద కొట్టి పన్ను విరగ్గొట్టాడు. ట్రాంబోన్ ఊదేవాడికి పళ్లే పనిముట్లు. ఆ కోపాన్ని అన్యాయం ఖాతాలో రాయలేం.

1966లో న్యూయార్క్‌లో సంగీతం బడి పెట్టాలని తీసుకున్న ఇంట్లోంచి అతన్ని ఖాళీ చేయించారు. సామాను, డబుల్ బాస్ వీధిలో పడ్డాయి. చివర్లో నరాల జబ్బు చేతుల్ని పట్టేసింది. చక్రాల కుర్చీలో కూర్చుని బాణీలు నోటితో పాడి టేపులో ఎక్కించాడు. 1979 జనవరి 5న మెక్సికోలో పోయాడు, 56 ఏళ్లకు. భార్య స్యూ ఆయన కోరిక ప్రకారం బూడిద మన దేశానికి తెచ్చి గంగలో కలిపింది. గంగ మీద ఆయనకున్న నమ్మకం మాకు లేదు. ఆ పాట మీద ఉంది.