బయోమెడికల్ ఇంజనీరింగుకు ఏ కాలేజీ?

మీలో కొందరికి బయోమెడికల్ ఇంజనీరింగు మీద మనసుంది. సంతోషం. అయితే "ఏ కాలేజీ మంచిది మాస్టారూ?" అని అడిగి, ర్యాంకుల పట్టిక చూసుకుని ఊరుకుంటారు. నా ఉద్దేశంలో మొదట అడగవలసింది వేరు. ఆ కాలేజీ విద్యార్థులు ఆసుపత్రిలో అడుగు పెడతారా?

ఎందుకంటారా? వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరునే తీసుకోండి. దాని సూత్రాన్ని 1974లో జపాను ఇంజనీరు తకువో ఆవోయాగి బయటపెట్టాడు. ఎర్రని కాంతినీ, కంటికి కనబడని పరారుణ కాంతినీ వేలిగుండా పంపి, రక్తం దేన్ని ఎంత పీల్చుకుందో కొలిచి ఆక్సిజను శాతం చెబుతుంది. ఇంతవరకు భౌతికశాస్త్రమే, తరగతి గదిలో నేర్చుకోవచ్చు. కాని 2020లో అమెరికా పరిశోధకులు రోగుల లెక్కలు తీసి చూస్తే, ఆక్సిజను పడిపోయినా బాగానే ఉందని చూపడం తెల్లవారికంటే నల్లజాతివారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగింది! ఇటువంటి లోపం పట్టుబడేది రోగుల మంచాల దగ్గరే. మన దేశంలో అందరి చర్మం రంగూ ఒకటేనా, మీరే చెప్పండి.

తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో ఆసుపత్రీ, పరికరాలు తయారుచేసే విభాగమూ రెండూ ఉన్నాయి. అక్కడ రూపొందిన గుండె కవాటాన్ని 1990లో తొలిసారి మనిషికి అమర్చారు. అంతకుముందు చేసిన నమూనాలు పరీక్షల్లో విఫలమయ్యాయి.

మన దగ్గర ఉస్మానియా ఇంజనీరింగు కాలేజీలోనూ, హైదరాబాదు ఐఐటిలోనూ ఈ చదువుంది. ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. చూడ్డానికి వెళితే అద్దాల మేడలూ, బస్సులూ వదిలేయండి. ప్రయోగశాలలో ఇ.సి.జి. యంత్రం మూత విప్పి ఉందో, కవరు తొడిగి ఉందో చూడండి. నాలుగో సంవత్సరం విద్యార్థిని పట్టుకుని, ఆసుపత్రిలో ఎన్ని వారాలు పనిచేశారని అడగండి.