ఆ తేదీ ఎందుకు దాచాలి?

ఇక్కడ న్యూజెర్సీలో, మా గుడిలో ప్రసాదం పంచుతుంటే ఒక అబ్బాయి అడిగాడు, "అంకుల్, తెలుగు చదవడం ఎప్పుడు మొదలుపెట్టారు?" "పదేళ్ళయింది" అన్నాను, గొప్పగా.

ఇంటికి వచ్చాక అనుమానం వచ్చింది. నేను అక్షరాలు నేర్చుకున్న యూట్యూబ్ ఛానల్ పేజీలో సబ్‌స్క్రైబ్ చేసిన తేదీ కనపడదు. గూగుల్ మై యాక్టివిటీలో, ‘ఇంటరాక్షన్స్’ అనే చోట వెతికితే దొరికింది. 2020 మే. గుడి మూసేసిన రోజులు.

అమ్మ 2018లో పోయింది. ఆవిడ ఉండగానే మొదలుపెట్టానని ఇన్నాళ్ళూ నమ్మాను. ఆవిడ ఉత్తరాలన్నీ అప్పుడు నాన్నే చదివి వినిపించేవారు.

నా అభిప్రాయం, ఆ తేదీ ఛానల్ పేరు కిందే ఉండాలి. బటన్ నొక్కింది నేనే కదా, నాకు చూపించడానికి ఏమిటి కష్టం? ఆదివారం ఆ అబ్బాయికి సరైన లెక్క చెప్పాలి.