గుడ్డు మీద వ్రాత



కోడిగుడ్డును మీరంతా చూచినవారే. తినేవారు కొందరు, తిననివారు కొందరు. కాని గుడ్డు మీద వ్రాసేవాళ్ళను ఎప్పుడైనా చూచారా? నేనూ చూడలేదు. ఈమధ్య నా పాత శిష్యుడొకడు కెనడా నుంచి ఒక ఫోటో పంపేదాకా ఆ సంగతి నాకు సరిగా తెలియనే తెలియదు.

వాడుండేది ఎడ్మంటన్ నగరంలో. అక్కడికి తూర్పుగా సుమారు నూరు కిలోమీటర్ల దూరాన వెగ్రవిల్ అని ఒక చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్ళో ఒక తోట, తోటలో ఒక గుడ్డు. ఫోటోలో దాని కింద వాడి కూతురు చీమంత కనిపిస్తున్నది. "మాస్టారూ, ఇది ఎవరు పెట్టిన గుడ్డో చెప్పుకోండి" అని వెనకవైపు వ్రాశాడు. చిన్నప్పుడూ ఇంతే. వాడికి ప్రశ్నలు వెయ్యటమే గాని జవాబు చెప్పే అలవాటు లేదు! సరే, నేనే పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను.

ఆ గుడ్డు 'పెట్టినవాళ్ళు' ఉక్రెయిన్ దేశం నుంచి వచ్చి కెనడాలో స్థిరపడిన వారు. వాళ్ళకు ఈస్టరు పండుగ ముందు గుడ్లకు రంగులు వెయ్యటం తరతరాల ఆచారం. అలా రంగులు వేసిన గుడ్డును 'పిసంక' అంటారు. వాళ్ళ భాషలో 'పిసాతి' అంటే వ్రాయటం. కనుక పిసంక అంటే వ్రాసిన గుడ్డు అన్నమాట. 

ఎలా వ్రాస్తారో చెబుతాను, వినండి. చిన్న పుల్లకు చివర సన్నని లోహపు గరాటు కట్టి ఉంటుంది. దాన్ని కొవ్వొత్తి మంట మీద వేడిచేసి, తేనెమైనం నింపి, తెల్లని గుడ్డు మీద గీతలు గీస్తారు. తరువాత గుడ్డును పసుపురంగులో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు అంటదు. ఎందుకంటే రంగు నీళ్ళలో కలిసి ఉన్నది, మైనానికి నీటితో పొత్తు లేదు. ఇప్పుడు పసుపుగా ఉండవలసిన చోట మళ్ళీ మైనంతో వ్రాసి, ఎర్రరంగులో ముంచుతారు. ఎరుపు ఉండవలసిన చోట మళ్ళీ మైనం. చివరకు నల్లరంగు. అంటే లేతరంగు నుంచి ముదురు రంగుకు పోవాలే గాని వెనక్కి రావటానికి వీల్లేదు. అప్పటికి గుడ్డు చూడబోతే మసిపట్టిన బంతిలా అసహ్యంగా ఉంటుంది. దాన్ని మంట పక్కన పట్టుకొని, కరిగిన మైనాన్ని గుడ్డపీలికతో తుడిచేస్తుంటే లోపలి నుంచి తెలుపు, పసుపు, ఎరుపు ఒక్కొక్కటే బయటపడతాయి! గోధుమకంకి, నక్షత్రం, లేడి, ఆదీ అంతమూ లేకుండా గుడ్డు చుట్టూ తిరిగే గీత, ఇలాంటివి అందులో ఉంటాయి.

మన కలంకారీ పనివారు కూడా, నీలిమందులో ముంచేముందు నీలం అంటకూడని చోట మైనం పెట్టేవారు. వాళ్ళను చూచి వీళ్ళుగాని, వీళ్ళను చూచి వాళ్ళుగాని నేర్చుకోలేదు. మైనం గుణం ఎక్కడైనా ఒక్కటే గదా!

ఇక ఉక్రెయిన్ ఎక్కడ, కెనడా ఎక్కడ? నడుమ ఒక మహాసముద్రం ఉంది. ఈ గుడ్డు దాన్ని ఎలా దాటిందన్నదే అసలు కథ.

నూట ముప్ఫై ఏళ్ళకు పూర్వం ఉక్రేనియనుల నేల రెండు సామ్రాజ్యాల కింద ఉండేది. తూర్పుభాగం రష్యాది. పడమట గలీసియా అనే భాగం ఆస్ట్రియా-హంగరీది. గలీసియాలో రైతుల పొలాలు అన్నదమ్ములు పంచుకొని పంచుకొని చీలికలై పోయాయి. చాలా కుటుంబాలకు అయిదెకరాలు కూడా లేవు. అక్కడ నెబిలీవ్ అనే పల్లెలో ఇవాన్ పిలిపీవ్, వసీల్ ఎలెన్యాక్ అని ఇద్దరు రైతులుండేవారు. కెనడాలో భూమి ఊరికే ఇస్తున్నారని విని, నిజమో కాదో కళ్ళారా చూచివద్దామని బయలుదేరారు. 1891 సెప్టెంబరు 7న ఆ ఇద్దరూ కెనడాలో దిగారు.

విన్నది నిజమే. పది డాలర్లు రుసుము కడితే 160 ఎకరాలు! అయితే మూడేళ్ళలో అక్కడ కాపురముండి, ఇల్లు కట్టి, కొంత నేల సాగులోకి తేవాలి. ఎలెన్యాక్ అక్కడే కూలికి నిలిచాడు. పిలిపీవ్ పెళ్ళాంపిల్లల కోసం తిరిగి ఊరికి వచ్చి, చూచింది చూచినట్టు పదిమందికీ చెప్పాడు. దానికి ఫలితం ఏమిటో తెలుసా? జనాన్ని దేశం విడిచి పొమ్మని రెచ్చగొడుతున్నాడని పట్టుకొని జైలులో పెట్టారు. కాని అప్పటికే మాట ఊళ్ళు దాటిపోయింది.

తరువాత 1895లో ఒసిప్ ఒలెస్కీవ్ అనే ఆయన కెనడా వెళ్ళి చూచివచ్చి, రైతులకు అర్థమయ్యే భాషలో చిన్న పుస్తకాలు వ్రాశాడు. ఆయన లవీవ్ నగరంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పాఠశాలలో పనిచేసేవాడు. మా వృత్తివాడు కనుక ఆయన పేరు చెప్పకుండా ఉండలేను. 1914 నాటికి ఒక లక్షా డెబ్భై వేలమంది కెనడా చేరారు.

చేరినవాళ్ళకు అక్కడ స్వాగతం చెప్పింది అడవి, దోమలు, చలి. చలికాలంలో సున్నకు నలభై డిగ్రీలు దిగువకు కూడా పోయే చలి అది. ఇల్లు కట్టేందుకు వ్యవధి లేక, భూమిలో గజంలోతు గొయ్యి తవ్వి, పైన దుంగలు పరచి, గడ్డితో సహా పెళ్ళగించిన మట్టిపెళ్ళలు కప్పి అందులో ఉండేవారు. దాన్ని 'బుర్దేయ్' అంటారు. మగవాళ్ళు డబ్బుకోసం రైలుదారులు వెయ్యటానికి నెలల తరబడి పోతే, ఆ గోతిలో తల్లీ పిల్లలే శీతకాలం గడిపేవారు. అలాంటి బుర్దేయ్ ని ఎడ్మంటన్ కు తూర్పున ఉన్న ఒక ప్రదర్శన గ్రామంలో మళ్ళీ కట్టి ఉంచారు. అక్కడ పనిచేసేవాళ్ళు ఆనాటి బట్టలు కట్టి, ఆనాటి మనుషుల్లాగే మాట్లాడతారట. మా శిష్యుడి కూతురు వాళ్ళను సెల్ ఫోను సంగతి అడిగితే, అదేమిటో తెలియనట్టు ముఖం పెట్టారట!

ఇంతలో 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. కెనడా ఒకవైపు, ఆస్ట్రియా-హంగరీ మరొకవైపు. గలీసియా రైతుల చేతిలో ఉన్నవి ఆస్ట్రియా కాగితాలు. ఏ ప్రభుత్వం తమ పిలిపీవ్ ను జైలులో పెట్టిందో ఆ ప్రభుత్వపు మనుషులని వీళ్ళమీద అనుమానం వచ్చింది! ఎనభైవేల మంది తమ పేర్లు నమోదు చేయించుకొని ఎప్పటికప్పుడు అధికారుల ముందు కనబడవలసి వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది ఉక్రేనియనులే. మొత్తం 8,579 మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. అందులోనూ ఉక్రేనియనులు వేలమంది. కొన్ని శిబిరాల్లో ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. ఈనాడు యాత్రికులు వెళ్ళి ఫోటోలు తీసుకొనే బాన్ఫ్ కొండల్లో ఈ ఖైదీలచేత బాటలు వేయించారు. యుద్ధం 1918లో ముగిసినా, శిబిరాలు 1920 దాకా పూర్తిగా మూతపడలేదు.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. ఫిలిప్ కొనోవాల్ అనే ఆయనా ఉక్రేనియనే. కాని రష్యా వైపు పల్లెలో పుట్టాడు. రష్యా అప్పుడు కెనడాకు మిత్రదేశం. ఆయన కెనడా సైన్యంలో చేరి, 1917లో ఫ్రాన్సులో చూపిన సాహసానికి విక్టోరియా క్రాస్ పొందాడు. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే పాట, ఒకే గుడ్డు. మధ్య ఒక గీత ఉన్నందున ఒకరికి పతకం, ఒకరికి ముళ్ళకంచె. ఈ నిర్బంధం జరిగిందని కెనడా పార్లమెంటు చట్టం ద్వారా ఒప్పుకున్నది 2005లో. అప్పటికి శిబిరాలు చూచినవాళ్ళు దాదాపు అందరూ పోయారు.

బడి సంగతి కూడా చెప్పాలి. మానిటోబా రాష్ట్రంలో 1897 నుంచి ఒక ఏర్పాటు ఉండేది. ఒక బడిలో పదిమంది పిల్లలు ఇంగ్లీషు కాని భాష మాట్లాడేవాళ్ళుంటే, ఆ భాషనూ ఇంగ్లీషునూ కలిపి పాఠాలు చెప్పాలి. అందుకోసం ఉక్రేనియన్ ఉపాధ్యాయులను తయారుచేసే పాఠశాల కూడా పెట్టారు. యుద్ధం నడుమ, 1916లో, ఈ ఏర్పాటును రద్దుచేశారు. ఆ తరువాత బడిలో ఇంటిభాష మాట్లాడి దెబ్బలు తిన్నవాళ్ళు ఉన్నారు. 

ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. కారణం ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో, తెలుగు మాట్లాడిన పిల్లవాడి మెడలో పలక వేలాడదీసేవారు. దాని మీద "నేను తెలుగు మాట్లాడను" అని ఇంగ్లీషులో ఉండేది. ఆ నియమం నేను పెట్టలేదు. కాని ఒకనాడు నా తరగతిలోనే ఒక పిల్లవాడు ఆ పలకతో సాయంత్రం దాకా నిలబడ్డాడు. పక్కవాణ్ణి "నీళ్ళున్నాయా?" అని అడగటమే వాడు చేసిన తప్పు. నేను చూచి కూడా తీసివెయ్యలేదు. వాడి పేరు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే.

కెనడాలో ఆ పెద్దలు ఏమి చేశారంటే, ఊరూరా చందాలు వేసుకొని ఒక సమాజమందిరం కట్టుకున్నారు. అందులో పుస్తకాలు, నాటకాలు, పాటలు. శనివారాలు పిల్లలకు అక్షరాలు. ఆడవాళ్ళు ఏటేటా గుడ్లు వ్రాస్తూనే ఉన్నారు. చివరకు 1971లో ఆల్బర్టా రాష్ట్రం చట్టం మార్చింది. 1974లో ఎడ్మంటన్ లో ప్రభుత్వ బడుల్లోనే ఉక్రేనియన్, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ పాఠాలు మొదలయ్యాయి. తాత దెబ్బలు తిన్న భాషలో మనుమడు లెక్కలు చేశాడు.

2022లో రష్యా ఉక్రెయిన్ మీద పెద్దయెత్తున దండెత్తిన తరువాత సుమారు మూడు లక్షలమంది కెనడాకు వచ్చారు. మా శిష్యుడి కూతురి తరగతిలోనూ అలా వచ్చిన పిల్ల ఒకతె ఉన్నది. ఆమె భాష విని అక్కడి పాతకాపుల మునిమనవలు సంతోషించారు గాని, వీళ్ళ మాటలు విని ఆ పిల్లకు నవ్వాగలేదట. నూరేళ్ళనాటి పల్లెమాటలు, వాళ్ళ ముత్తవ్వ మాట్లాడినట్టే ఉన్నాయట!

ఇక వెగ్రవిల్ గుడ్డు. మౌంటెడ్ పోలీసుదళం ఆల్బర్టాకు వచ్చి నూరేళ్ళయిన సందర్భంగా 1975లో నిలబెట్టారు. పొడవు 25 అడుగుల పైమాట, వెడల్పు 18 అడుగులు, బరువు 5,000 పౌండ్లు. గుడ్డు ఆకారాన్ని చదునైన రేకులతో తయారుచెయ్యటం మహాకష్టం. రొనాల్డ్ రెష్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు లెక్కలు కట్టి, వేలకొద్ది త్రికోణాలు, నక్షత్రాల ఆకారంలో అల్యూమినియం ముక్కలు కోయించి, ఒక్కొక్కదాని కోణం కొద్దికొద్దిగా మారుస్తూ బిగించాడు. అంత గుడ్డూ గాలివాటాన్ని బట్టి తిరుగుతుంది.

మీరు చెయ్యదగిన పని ఒకటి చెబుతాను. తెల్లకాగితం మీద తెల్లకొవ్వొత్తితో గట్టిగా నొక్కి మీ పేరు తెలుగులో వ్రాయండి. ఏమీ కనిపించదు. దాని మీద పల్చని నీటిరంగు పసుపు పూయండి. ఆరిన తరువాత మళ్ళీ కొవ్వొత్తితో చుట్టూ ఒక పువ్వు వేసి, ఎరుపు పూయండి. ఇంకొక కాగితం మీద ముందు ఎరుపు, తరువాత పసుపు వేసి అదే పని చెయ్యండి. రెంటికీ తేడా ఏమి వచ్చిందో, ఎందుకు వచ్చిందో నాకొక కార్డు వ్రాయండి.