బేతెస్ద కోనేటి దగ్గర



యోహాను సువార్త 5వ అధ్యాయములోని బేతెస్ద కోనేరు సంగతి మన ఆదివార బడి పిల్లలకు కూడా తెలుసు. 38 ఏండ్లుగా జబ్బుతో పడి ఉన్న ఒక మనిషిని యేసు ప్రభువు చూచి, బాగుపడాలని ఉందా అని అడిగారు. ఆ మనిషి తన జబ్బు గురించి చెప్పలేదు. తనను ఎత్తి నీళ్లలో దించే మనిషి లేడని చెప్పుకున్నాడు. ఈ నెల ఆ మాటను మనసులో పెట్టుకొని రెండు సంగతులు వ్రాస్తున్నాను. ఒకటి మా చిలకలూరిపేట ప్రక్క పల్లెలో జరిగినది, రెండవది సముద్రముల అవతలిది.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో ఒక కుటుంబము ఉండేది. భార్యాభర్తలిద్దరూ పత్తి చేలకు, మిరప చేలకు కూలికి వెళ్లేవారు. పెద్దది ఆడపిల్ల, ఆరోగ్యముగా ఉంది. తరువాత పుట్టిన మగబిడ్డ ఎనిమిది నెలలకే న్యుమోనియాతో చనిపోయాడు. ఆ తరువాతి వాడు కూడా ఏడాది నిండక ముందే పోయాడు. నోటిలో తెల్లపూత, చెవిలో చీము, విరేచనములు, దగ్గు, ఒకటి తగ్గితే మరొకటి. రెండవ బిడ్డను సమాధుల తోటలో ఉంచి వచ్చిన సాయంత్రము, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దామె నాతో, "ఆడపిల్ల బ్రతికింది, మగపిల్లలే పోతున్నారు. ఈమె ఏ పాపము చేసిందో ఏమో, అయ్యగారూ! మీరైనా ఒప్పుకోలు ప్రార్థన చేయించండి" అన్నది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గుమ్మములోనే ఉంది. ఆ మాట ఆమె విన్నది, నేనూ విన్నాను. నేను ఏమీ అనలేదు. ఆదరణ వాక్యము చదివి, ప్రార్థన చేసి, ఇంటికి వచ్చేశాను. తరువాత రెండు ఆదివారములు ఆమె ఆరాధనకు రాలేదు.

ఆ ఇంటి పిల్లలకు వచ్చిన జబ్బు ఏదో ఎవరూ పరీక్ష చేయలేదు. అయితే మగబిడ్డలను మాత్రమే పట్టే ఇటువంటి జబ్బులు ఉన్నాయని తరువాత ఒక డాక్టరు గారు నాకు వివరించారు. దేవుడు మన రక్తములో కావలివాండ్రను పెట్టారు. బయటి క్రిములు రాగానే వారు పోరాడతారు. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఆ కావలి లేకుండా పుడతారు. 1952లో అమెరికాలో బ్రూటన్ అనే సైనిక వైద్యుడు, మాటిమాటికి జబ్బు పడుతున్న ఎనిమిదేండ్ల పిల్లవాని రక్తమును పరీక్షించి, అందులో గామా గ్లోబులిన్ అనే రక్షక పదార్థము లేదని కనుగొన్నారు. దానిని నెలనెలా ఇంజెక్షనుగా ఇస్తే ఆ పిల్లవాడు కోలుకున్నాడు. అప్పటి నుండి ఈ జాతి జబ్బులు నాలుగు వందలకు పైగా బయటపడ్డాయి. కొన్నింటిలో లోపము ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లకు ఎక్స్‌లు రెండు గనుక ఒకటి చెడినా మరొకటి కాపాడుతుంది. మగపిల్లవానికి ఒక్కటే. తల్లికి ఏ లక్షణమూ ఉండదు, తనలో ఆ లోపము ఉన్నట్టే ఆమెకు తెలియదు. తన కంటి రంగును ఆమె ఎంచుకోనట్టే దీనినీ ఎంచుకోలేదు.

ఇక రెండవ సంగతి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రములో బెతెస్డా అనే ఊరు ఉంది. అక్కడి ప్రెస్బిటేరియన్ ఆరాధన మందిరము పేరు మీద 1871లో ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. మందిరమునకు ఆ పేరు మన సువార్తలోని కోనేటి నుండే వచ్చింది. ఆ ఊరిలోనే అమెరికా ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య సంస్థ, దాని పరిశోధనాసుపత్రి ఉన్నాయి. పరిశోధనలో చేరిన రోగుల దగ్గర అక్కడ వైద్యమునకు రుసుము తీసుకోరు. పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపముల మీద అక్కడ చాలా ఏండ్లుగా పని చేసిన పిల్లల రక్తవ్యాధుల వైద్యులు డాక్టర్ వి. కోనేటి రావు గారు. బేతెస్ద పేరు గల ఊరిలో కోనేటి అనే తెలుగు పేరు కనబడేసరికి నాకు ఎంతో సంతోషము కలిగింది.

ఆయన ముఖ్యముగా చూచిన జబ్బులలో ఒకదానిని ఆల్ప్స్ అంటారు. మన సాగర్ కాలువ క్రింద రైతుకు ఇది తేలికగా అర్థమవుతుంది. మిరప చేనుకు నీరు పెట్టడము ఎంత అవసరమో, ఎక్కువైన నీటిని తీసివేయడమూ అంతే అవసరము. నీరు నిలిస్తే మొక్క వడలిపోతుంది. క్రిములతో పోరాడడానికి పెరిగిన తెల్లకణములు కూడా పని అయిన తరువాత చనిపోవాలి. ఈ పిల్లలలో అవి చనిపోవు. మెడ దగ్గర బిళ్లలు కడతాయి, ప్లీహము పెరుగుతుంది. కడుపులో బల్ల పెరిగిందని మన పెద్దలు అనేది దానినే. ఆ కణములు సొంత రక్తమునే నాశనము చేస్తాయి. ఎక్కువ మందిలో దీనికి ఫాస్ అనే జన్యువులోని లోపమే కారణమని 1995లో తేలింది.

ప్లీహము ఉబ్బి రక్తము తగ్గుతుంటే ఆపరేషను చేసి ప్లీహమును తీసివేయడము చాలాకాలము వాడుకలో ఉండేది. కోనేటి రావు గారు, వారి తోటివారు ఈ కుటుంబములను సుమారు రెండు దశాబ్దములు విడువక చూచి, 150 మంది రోగుల వివరములను 2014లో ప్రకటించారు. ప్లీహము తీసివేసిన తరువాత రక్తములో విషము ప్రబలడము, లింఫ్ గ్రంథుల క్యాన్సరు, ఈ రెండే వారి ప్రాణములకు పెద్ద గండములని చెప్పారు. కాబట్టి తీయకుండా మందులతో నెట్టుకు రావడము మేలని తేల్చారు. అటువంటి మందు ఒకటి పిల్లలలో పని చేస్తుందని ఆయన బృందము 2005లోనే చూపింది. అదే కుటుంబములలో లోపము ఉండి కూడా జబ్బు లేకుండా తిరిగే బంధువులు 63 మందిని కూడా వారు పరీక్షించారు. జన్యువు ఒకటే, ఇల్లు ఒకటే, ఒకరికి జబ్బు వచ్చింది, ఒకరికి రాలేదు. ఇందులో ఎవరి పాపమును ఎవరి మీద లెక్క వేస్తాము?

మరొక జబ్బు 2013లో గుర్తించబడింది. దానిలో తెల్లకణములలోని ఒక స్విచ్చి, ఆపినా ఆగని బోరు మోటారు వలె, ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. లెనియోలిసిబ్ అనే మాత్రతో దానిని అదుపు చేయవచ్చేమోనని మొదట ఆరుగురు రోగులలో చూచి 2017లో ప్రకటించారు. పండ్రెండు వారములలో వారి గ్రంథులు, ప్లీహము సగటున నూటికి నలుబది వంతుల వరకు తగ్గాయి. తరువాత 31 మందితో పెద్ద పరీక్ష జరిగింది. 2023 మార్చిలో ఆ మందుకు అమెరికా ప్రభుత్వము అనుమతి ఇచ్చింది. ఆ రెండు నివేదికలలోనూ మొదటి పేరు కోనేటి రావు గారిదే. లోకములో అతి కొద్దిమందికి వచ్చే జబ్బు కొరకు ఇన్నేండ్ల శ్రమ! కోనేటి ఒడ్డున ఎవరూ లేని రోగి దగ్గర నిలబడడము అంటే ఇదే కదా.

ఇక మన పల్లెల సంగతికి వద్దాము. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగైదుసార్లు చెవి పోటు, తగ్గని నోటిపూత, బరువు పెరగకపోవడము, అంతకు ముందు ఇంట్లో పసిబిడ్డలు ఇలాగే పోయి ఉండడము, ఈ గుర్తులు ఉంటే పిల్లల డాక్టరుకు పూర్తి కథ చెప్పండి. తెల్లకణముల లెక్క, ఇమ్యునోగ్లోబులిన్ పరీక్ష అవసరమా అని అడగండి. అటువంటి ఇంట్లో క్రొత్త బిడ్డకు టీకాలు వేయించక ముందే ఆ సంగతి చెప్పాలి. మిగిలినవారు టీకాలు మానవద్దు. హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి అరుదైన వ్యాధుల కేంద్రముగా ఉన్నాయి. 2021 జాతీయ విధానములో తీవ్రమైన నిరోధక లోపమునకు ఎముక మూలుగ మార్పిడి చేర్చబడింది. అర్హులకు 50 లక్షల వరకు సహాయమునకు 2022 నుండి అవకాశము ఉంది. మన వెల్లూరు క్రైస్తవ ఆసుపత్రిలో 1986 నుండి మూలుగ మార్పిడి జరుగుతోంది. ఇంకొక మాట. కొన్ని రకముల లోపములు తల్లిదండ్రులిద్దరి నుండి వస్తేనే జబ్బు అవుతుంది. మేనరికములలో, మేనమామ పెండ్లిండ్లలో అలా కలిసే అవకాశము ఎక్కువ. సంబంధము కలుపుకొనక ముందే పెద్దలు ఆలోచించాలి.

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపము ఇతనిదా, కన్నవారిదా అని అడిగారు. ఇద్దరిదీ కాదని ప్రభువు తేల్చి చెప్పారు. ఆ జవాబు నా బైబిలులో ఉండగానే నేను ఆ అరుగు మీద మౌనముగా ఉన్నాను. మూడవ వారము ఆ ఇంటికి వెళ్లి, ఆ పెద్దామె కూడా వినేటట్లు, "అమ్మా, ఆ రోజు నేను మాట్లాడవలసింది. ఇది నీ పాపము కాదు. నన్ను క్షమించు" అన్నాను. ఆమె చాలాసేపు పలుకలేదు. తరువాత, "మళ్లీ కానుపు వస్తే నాతో పెద్దాసుపత్రికి ఎవరు వస్తారు, అయ్యగారూ?" అని అడిగింది.

ఆ ప్రశ్నను మా మహిళా సమాజము ముందు పెట్టాను. ఇద్దరు సహోదరీలు లేచి, తాము వెళ్తామన్నారు. వారిలో ఒకరు ఆ అరుగు మీది పెద్దామె. ప్రియులారా, మీ వీధిలో కూడా అటువంటి తల్లి ఉండవచ్చు. ప్రార్థన చేయండి, ఆమెతో బస్సు కూడా ఎక్కండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.