గుడిలో చెల్లిన తెలుగు బడిలో చెల్లదా?

జూను నెల వచ్చినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో కాన్వెంటు బడుల వాకిండ్లు మరల తెఱచుకొన్నవి. ఆ వాకిట నిలిచినవారిని చూడుడు. ప్రొద్దుపోవువఱకు బీడీలు చుట్టి, ఆ కూలి కూడబెట్టి ఫీజు తెచ్చిన తల్లి యొకతె. సాంచెలమీద రాత్రిపని ముగించి నిద్రకండ్లతో వచ్చిన తండ్రి యొకడు. కొడుకు దుబాయిలో నుండగా మనుమని చేయి పట్టుకొని వచ్చిన తాత యొకడు. వీరిలో కథోలికులు కొలదిమంది. హిందువులు, ముస్లిములు పెక్కుమంది. అందఱి కోరికయు నొక్కటే: తమ బిడ్డ తమవలె కష్టపడకూడదు. ఆ కోరికను మేము పరిహసింపము. కాని పెక్కుచోట్ల ఆ వాకిలి దాటిన తొలినాడే బిడ్డకు నేర్పబడు మొదటి పాఠ మేదియో ఆ తల్లిదండ్రు లెఱుగరు. నీ తల్లి మాట యిచ్చట తప్పు అనునదే ఆ పాఠము.

ఇది వినికిడిమీద వ్రాయుమాట కాదు. ఇరువది యేండ్ల క్రిందట మేమట్టి బడి యొకదానిలో ఇంగ్లీషు చెప్పుచుంటిమి. దాని పేరు అక్కఱలేదు; తప్పు మాది. తరగతిలో తెలుగు పలికిన పిల్లలకు రూపాయి జుర్మానా యను నియమ ముండెను. బడి తెఱచిన మూడవనాడు ఐదేండ్ల పిల్ల యొకతె లేచి, "సార్, దూపైతుంది" అన్నది. దాహమగుచున్నదని దాని యర్థము. మేము నీరిచ్చితిమి; రూపాయియు వ్రాసికొంటిమి. మఱునాడు ఆమె తల్లి కొంగుముడి విప్పి రూపాయి మా చేతిలో పెట్టి, "పిల్ల తప్పు చేసిందట, ఏమనుకోకుండ్రి సారూ" అని వెడలిపోయినది. ఆ పిల్ల దసరా సెలవులవఱకు తరగతిలో నోరు విప్పలేదు. మేమానాడు దానిని క్రమశిక్షణ యనుకొంటిమి. నేడట్లనుకొనుటకు మాకు ధైర్యము చాలదు.

ఈ దోషము కథోలిక పాఠశాలలలో మాత్రమే కలదని మేమనము. ప్రక్క వీధిలోని ప్రైవేటు బడిలోను కలదు. ప్రతి కాన్వెంటును ఇట్టిదే యనియు అనము. సిస్టరుల శుచిత్వమును, కాలనియమమును, ఆడుపిల్లల చదువుకై వారు పడిన పాటును కన్నులార చూచినవారము. అయినను వారినే ముందుగ అడుగుటకు కారణము కలదు. లాభముకొఱకు బడి పెట్టినవానిని ధర్మ మడిగి ప్రయోజనము లేదు. ధర్మముకొఱకు బడి పెట్టితిమనువారిని ధర్మ మడుగవచ్చును.

వారి ధర్మ మేమనుచున్నది? శతాబ్దములుగా కథోలికుల పూజ లాటినులో సాగెను. 1963 డిసెంబరు 4వ తేదీన రెండవ వాటికను మహాసభ ఆరాధనమునుగూర్చి శాసనము వెలువరించి, దేశభాషలకు పూజలో చోటిచ్చెను. నేడు మన జిల్లాలలో ఫాదరు బలిపీఠమునొద్ద నిలిచి తెలుగున ప్రార్థించుచున్నాడు. ఆదివారమునాడు దేవునితో మాటలాడుటకు చాలిన భాష, సోమవారమునాడు టీచరును మంచినీళ్లడుగుటకు చాలదా?

మఱియొక సంగతి. పెంతెకోస్తు పండుగ ఏటేట బడులు తెఱచు దినములకు చేరువగా, మే నెలలోనో జూను మొదటనో వచ్చును. ఆనాడు అపోస్తలుల కార్యములనుండి చదువబడు ఘట్టములో, నానాదేశములనుండి వచ్చినవారు ఎవరి భాషలో వారు బోధ వినిరని కలదు. వినువారందఱు బోధకుల భాష నేర్చుట అద్భుతము కాదు; బోధయే వినువారి భాషలోనికి దిగివచ్చుట అద్భుతము. ఆ పండుగ చేసికొని, కొలది దినములలోనే ఇంగ్లీషు రాని నాలుగేండ్ల బిడ్డను పరీక్షించి, వాని తల్లిదండ్రులకు ఇంగ్లీషు వచ్చునా యని విచారించుట యెట్లు పొసగును?

పూర్వులను తలచుకొన్నను ఇంతే. పదునెనిమిదవ శతాబ్దమున యేసు సభకు చెందిన గాస్టన్ కెర్దూ అను ఫ్రెంచి గురువు మన దక్షిణదేశమునకు వచ్చి, తెలుగు, సంస్కృతములు నేర్చి, నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకు గ్రీకు, లాటినులతో గల పోలికలను 1767లో ఫ్రాన్సు పండితులకు వ్రాసి పంపెను. విలియం జోన్సు 1786లో ఆ సంగతి ప్రకటించుటకు అది పందొమ్మిదేండ్లు ముందు. బోధింపవచ్చినవాడు ముందు తాను విద్యార్థి యయ్యెను. ఆ త్రోవ విడిచి, పసిబిడ్డయే గురువు కడకు నడచి రావలెననుట ఏ సంప్రదాయము?

చట్టము మాటయు చెప్పవలసియున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రవేశమునకు పిల్లలను, తల్లిదండ్రులను వడపోయరాదన్నది. దేహమునకేగాక మనస్సునకు సైతము శిక్ష కూడదన్నది. సాధ్యమైనంతవఱకు మాతృభాషలో బోధింపుమన్నది. అల్పసంఖ్యాకుల విద్యాలయములకు ఆ చట్టము వర్తింపదని 2014లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2025లో అదే న్యాయస్థానమున ఇద్దఱు న్యాయమూర్తులు ఆ తీర్పును సందేహించి, విస్తృత ధర్మాసనము పరిశీలింపవలెననిరి. ఆ వాద మెట్లు తేలినను సరే, మేమొక్కటి యడిగెదము: చట్టము మిమ్ము విడిచిన విడువవచ్చును, మీ వేదము మిమ్ము విడిచినదా?

"మేమేమి చేయుదుము? తల్లిదండ్రులే ఇంగ్లీషు కావలెనందురు" అని సిస్టరులు చెప్పుదురు. ఇది అసత్యము కాదు. కావున మాలో మేమును సిగ్గుపడవలసినదే. బాసరకు పోయి సరస్వతీ సన్నిధిని బిడ్డచేత ఓనమాలు దిద్దించుదుము. తిరిగివచ్చి, ఆ యక్షరములు పలికిన శిక్షించు బడికి ఫీజు కట్టుదుము. నిజాము కాలమున బడులలో ఉర్దూ చదువే యుండగా మన పెద్దలు తెలుగుకొఱకు మొఱపెట్టిరి. ఆనాడు ప్రభుత్వము త్రోయగా దూరమైనదానిని నేడు మనమే డబ్బిచ్చి దూరము చేసికొనుచున్నాము.

"సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదివియు తెలుగు మహాకవి కాలేదా?" అని కొందఱనవచ్చును. అయిరి. ఒక మఱ్ఱి బండను చీల్చుకొని మొలచినదని పొలములన్నిటిలో బండలు పఱతుమా? విధానమేర్పఱుచునది మహాకవికొఱకు కాదు. నోరు మూసికొని వెనుక బల్లమీద కూర్చున్న పిల్లకొఱకు.

ఇంగ్లీషు వలదని మేమనము. దానివలననే మేమన్నము తినుచున్నాము. కాని భాష నేర్పుట వేఱు, భాషతో భయపెట్టుట వేఱు. తెలిసిన మాట చేయిపట్టుకొనియే తెలియని మాటకడకు నడువగలము.

కావున ఫాదరులకు, సిస్టరులకు మా మనవులు మూడు. తొలినాడు బిడ్డకు పరీక్షయు, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూయు వలదు. తెలుగు పలికినందుకు జుర్మానాగాని, మెడలో పలకగాని, పదిమందిలో మందలింపుగాని యుండరాదు. ముస్లిము బిడ్డ ఉర్దూ పలికినను అంతే. మొదటి రెండేండ్లు బిడ్డ యింటిమాటతో పాఠము చెప్పి, ఆ మాట మీదుగనే ఇంగ్లీషు నేర్పవలెను. తల్లిదండ్రులకు మనవి యొక్కటే: బిడ్డ సాయంకాలము ఇంటికి రాగానే, "ఇంగ్లీషులో ఏమన్నా మాట్లాడు" అనకుడు, "ఇయ్యాల ఏం సమజైంది బిడ్డా?" అని యడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు లేనినాడు, మఱునాడు బడికి పోయి మమ్ము నిలదీయుడు.

ఆ రూపాయి మేము తిరిగి యియ్యలేదు. ఇయ్యవలసిన చేయి నేడెచ్చట నున్నదో మాకు తెలియదు. ఈ జూనులో ఏదో యొక తరగతిలో మఱియొక పిల్ల లేచి దూపైతుందనును. అపుడచట నిలిచియున్న ఉపాధ్యాయుడు నీరిచ్చి ఊరకుండినచో, మా అప్పులో కొంత తీరినదని యెంచుకొందుము.