కప్పు లేని తడికె మీద సర్కారు కన్ను

మదనపల్లె టమోటా మండీలో గంపలు మోసే తమ్ముడా, పుంగనూరు దారిలో కలుపుకు పోయే అక్కా, కుప్పంలో తెల్లారే రైలెక్కి బెంగుళూరు పనికి పోయే అన్నా, ఒకసారి తలెత్తి ఆకాశం చూడండి. తుమ్మెద మాదిరి గుయ్యిమని తిరిగేది పిల్లోళ్ల ఆటబొమ్మ కాదు. అది డ్రోను. దాని కడుపులో కెమెరా ఉంది. ఆ కెమెరా వెనక సర్కారు ఉండొచ్చు.

"తప్పు చేసినోడు భయపడాల గానీ మనకేం భయం?" అని కొందరంటారు. ఆ మాట మిద్దెల్లో ఉండేవాళ్లకు చెల్లుతుంది. వాళ్ల స్నానాల గదికి కప్పుంది. మన వాడల్లో ఎన్ని ఇండ్లకు ఆ భాగ్యం ఉంది? నాలుగు తడికెలు, ఒక పాత చీర, అదే మన ఆడవాళ్లకు మరుగు. ఊరి కండ్ల నుంచి కాపాడే ఆ తడికె ఆకాశం కంటి నుంచి కాపాడదు. ఎవరి బతుకు గుట్టు వాళ్లకు ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో 9 మంది జడ్జీలు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ హక్కు కప్పున్న ఇంటికేనా?

పెద్దోళ్ల ఇంటిపైన ఎగిరితే ఏమైందో గుర్తు చేసుకోండి. 2019 ఆగస్టులో కృష్ణ కరకట్ట మీద ఉండవల్లిలో ఒక ఇంటిపైన డ్రోను ఎగిరింది. ఆ ఇంట్లో ఉండేది అప్పటి ప్రతిపక్ష నాయకుడు, 1989 నుంచి కుప్పం ఎమ్మెల్యే అయిన చంద్రబాబు నాయుడు. వరద చూడటానికని సర్కారు చెప్పుకుంది. ఎవరి అనుమతితో ఎగరేశారని ఆయన డీజీపీనే నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైందే.

2024లో ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు. ఆ అక్టోబరులో డ్రోన్ల సదస్సు పెట్టి, విజయవాడలో కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్లతో ఆకాశంలో బొమ్మలు గీయించారు. ఇప్పుడు పేకాట, బయట తాగుడు పట్టుకోవడానికి పోలీసులు డ్రోన్లు ఎగరేస్తున్నారు. పొలాల్లో పడి పరిగెత్తే మనుషుల వీడియోలు చూసి జనం నవ్వుకుంటున్నారు. క్లబ్బులో ఏసీ గదిలో ఆడే పేకాట మాత్రం ఆ కెమెరాకు చిక్కదు. ఎందుకంటే దానికీ కప్పుంది. ఆయన 2019లో అడిగిన ప్రశ్నే కుప్పం పల్లెలో ఒక అవ్వ అడిగితే జవాబు చెప్పేదెవరు?

పోనీ, మన మీద దౌర్జన్యం చేసేవాళ్లనన్నా ఈ కన్ను పడుతుందా? 2025 జూన్‌లో కుప్పం మండలం నారాయణపురంలో మొగుడు చేసిన అప్పు తీరలేదని ఒక ఆడమనిషిని వేపచెట్టుకు కట్టేశారు. దాన్ని లోకానికి చూపించింది నేల మీద తీసిన వీడియో. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసు తగలబడి భూముల ఫైళ్లు కాలిపోయాయి. మర్నాడు డీజీపీ హెలికాప్టరులో వచ్చి చూసిపోయారు. మన డీకేటీ పట్టాల తలరాత ఉండేది అట్లాంటి బీరువాల్లోనే. చెట్టు చాటున దాక్కున్నోణ్ణి పట్టుకునే సర్కారు తన బీరువాను కాపాడుకోలేకపోయింది.

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేకూ డ్రోన్లు వాడారు. డ్రోనుకు గట్టు కనపడుతుంది. మాల మాదిగల పట్టా భూమి ఎవరి నాగలి కింద ఉందో కనపడదు. అది తెలియాలంటే అధికారి నడిచి వాడకు రావాల.

2023 ఆగస్టు 4న పుంగనూరులో పార్టీల గొడవ జరిగితే వందల మంది మీద కేసులు పడ్డాయి. అట్లాంటి రోజున పైనుంచి తీసిన బొమ్మలో రాయి విసిరినోడూ పడతాడు, కూలి నుంచి తిరిగొచ్చేవాడూ పడతాడు. ఆ తేడా చెప్పేదెవరు? చూడటంతో ఆగుతుందన్న నమ్మకమూ లేదు. 2024 ఫిబ్రవరిలో శంభు సరిహద్దులో హర్యానా పోలీసులు రైతుల మీద డ్రోన్లతోనే బాష్పవాయువు వేశారు.

అమెరికాలో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే బాల్టిమోర్ నగరం మీద 2020లో పోలీసులు విమానాలు తిప్పి, పగలంతా జనం కదలికలను ఫొటోలు తీయించారు. అక్కడి నల్లవాళ్ల సంఘం ఒకటి కోర్టుకెక్కింది. 2021లో అప్పీలు కోర్టు ఆ పని రాజ్యాంగ విరుద్ధమంది. అడిగారు కాబట్టి ఆ తీర్పొచ్చింది.

డ్రోనును రాయితో కొట్టమని మేం చెప్పడం లేదు. వరదొచ్చినప్పుడు, కుప్పం అడవి ఏనుగులు పంట మీద పడ్డప్పుడు ఎగిరితే సంతోషమే. వచ్చే గ్రామసభలో మాత్రం నాలుగు మాటలు అడగండి, కాగితం మీద రాయించండి. వాడ మీద ఎగరేసే ముందు దండోరా వేయాల. ఎవరు ఎగరేశారు, ఎందుకు, ఆ బొమ్మలు ఎన్నాళ్లు దాస్తారు అన్నది పంచాయతీ గోడ మీద అంటించాల. దళితుల మీద దాడి జరిగితే ఆ బొమ్మలు బాధితులకూ ఇవ్వాల. కాలిపోయిన పట్టాల లెక్క వాడలోనే కూర్చుని, అందరినీ అడిగి తిరిగి రాయాల.

దాడులు జరిగే చోట్లు ముందే గుర్తించి కాపలా పెట్టాలని 1995 నాటి అట్రాసిటీ నియమాలు ఎప్పుడో చెప్పాయి. సర్కారు కన్ను ఎక్కడ ఉండాల్నో చట్టంలోనే ఉంది. మన ఆడవాళ్ల తడికె మీద ఉండాలని ఏ చట్టంలోనూ లేదు.