ఒసావా జపనీస్‌లో రాశాడు, అయితే ఏంటట?

గత నెల క్లబ్ మీటింగ్‌లో నేనొక ప్రతిపాదన పెట్టాను. మన పత్రికలో ప్రతి సంచికకీ ఒక సైన్స్ వ్యాసం ఉండాలి, అదీ తెలుగులోనే ఉండాలి అని. కథలకీ కవితలకీ చప్పట్లు కొట్టే మనవాళ్లు దీనికి మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా క్లాస్‌మేట్ ఒకడు (పేరు రాస్తే ఊరుకోడు) లేచి, "రేయ్, ఒసావా కథ తెలుసా? జపనీస్‌లో రాసి నోబెల్ పోగొట్టుకున్నాడు. సొంత భాషలో సైన్స్ రాస్తే గతి అంతే" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. రూమ్‌కి వచ్చి వారం రోజులు చదివాక తట్టింది.

ముందు కథ చెప్తాను. ఫస్టియర్ కెమిస్ట్రీలో రెండు మార్కుల కోసం బట్టీ పట్టిన ఫుల్లరీన్ గుర్తుందా? 60 కార్బన్ పరమాణువులు ఫుట్‌బాల్ ఆకారంలో అల్లుకున్న పంజరం, సి-60. అలాంటి అణువు ఉండొచ్చని ఐజి ఒసావా అనే జపాన్ కెమిస్టు 1970లోనే రాశాడు, 'కగాకు' అనే జపనీస్ పత్రికలో. కోరాన్యులీన్ అని గిన్నెలా వంగిన ఒక అణువు ఉంది. మధ్యలో ఒక పంచభుజి, చుట్టూ ఐదు షడ్భుజులు. కొడుకు ఆడుకునే ఫుట్‌బాల్ మీద ఆయనకి అదే నమూనా కనబడిందట. గిన్నె ఉన్నప్పుడు బంతి ఎందుకు ఉండకూడదు? ఆ మరుసటి ఏడాది ఒక పుస్తకంలోనూ ఈ సంగతి రాశాడు. అదీ జపనీస్‌లోనే. బయటి ప్రపంచం పట్టించుకోలేదు.

ఇక 1985 సెప్టెంబర్, అమెరికాలోని రైస్ యూనివర్సిటీ. ఇంగ్లండ్‌లోని ససెక్స్ నుంచి హ్యారీ క్రోటో వచ్చాడు. ఆయన వెతుకుతున్నది బంతుల కోసం కాదు, నక్షత్రాల చుట్టూ తయారయ్యే కార్బన్ గొలుసుల కోసం. రిచర్డ్ స్మాలీ దగ్గర ఒక యంత్రం ఉంది. గ్రాఫైట్ మీద లేజర్ కొడితే ఆవిరి లేస్తుంది, హీలియం వాయువు దాన్ని చల్లబరుస్తుంది, అప్పుడు ఏర్పడిన ముక్కల్ని తూకం వేస్తారు. 60 పరమాణువుల దగ్గర శిఖరం మిగతావాటిని మించి పైకి లేచింది. దాని ఆకారం ఏంటో తేలక, స్మాలీ ఒక రాత్రి ఇంట్లో కూర్చుని కాగితం ముక్కలు కత్తిరించి అతికించాడు. ఉత్త షడ్భుజులతో ఎంతకీ మూసుకోలేదు. పంచభుజులు కలిపితే బంతి అయింది. నవంబర్‌లో 'నేచర్'లో పేపర్, 1996లో క్రోటో, స్మాలీ, రాబర్ట్ కర్ల్‌లకి నోబెల్. ఆ పేపర్ మీద పేర్లున్న ఇద్దరు స్టూడెంట్లు హీత్, ఓబ్రయన్‌లకి రాలేదు. ఆ కోపం ఇంకో వ్యాసానికి దాచుకుంటాను.

ఇప్పుడు మావాడి వాదనకి వద్దాం. ఇంగ్లీషులో రాసుంటే ఒసావాకి నోబెల్ వచ్చేదా? 1973లో సోవియట్ యూనియన్‌లో బొచ్వార్, గాల్పెర్న్ అనే ఇద్దరు ఇదే సి-60 అణువుకి లెక్కలు కట్టి ప్రచురించారు. రాసింది రష్యన్‌లో, కానీ ఆ జర్నల్‌కి ఇంగ్లీషు అనువాదం కూడా వచ్చేది. ఆ పేపర్ కూడా ఎవరినీ కదిలించలేదు. ఇంగ్లీషు ఒక్కటే తాళంచెవి అయితే ఈ తలుపు ఎందుకు తెరుచుకోలేదు?

నాకు తోచిన కారణం వేరు. అప్పటికి ఆ అణువుని చేయడం ఎవరికీ చేతకాదు, చేయాలని గట్టిగా ప్రయత్నించినవాళ్లూ లేరు. రైస్ వాళ్ల దగ్గర కూడా మొదట్లో ఉన్నది ఒక గ్రాఫు మీద శిఖరమే, సీసాలో పోసి చూపించే పదార్థం కాదు. అది 1990లో వచ్చింది. క్రాట్ష్‌మర్, హఫ్‌మన్ బృందం హీలియంలో గ్రాఫైట్ కడ్డీల మధ్య విద్యుత్ ఆర్క్ వెలిగించి, రాలిన మసిని బెంజీన్‌లో కలిపితే ఎర్రటి ద్రావణం దిగింది. మసిలోంచి రంగు! అక్కడి నుంచి ప్రపంచంలో ఏ కెమిస్టయినా సి-60 చేసుకోగలిగాడు. ఒసావాకి తక్కువైంది భాష కాదు, ఆ మసి.

మావాడు చెప్పినదాంట్లో నిజం లేదనను. చేతిలో కొత్త ఫలితం ఉంటే ఇంగ్లీషులోనే పంపాలి, అందులో వాదన లేదు. కానీ ఒసావా దగ్గర ఉన్నది ఫలితం కాదు, ఊహ. సగం ఉడికిన ఊహని పెద్ద జర్నల్‌కి పంపితే రిఫరీలు ఏమంటారో మన మినీ ప్రాజెక్టు రివ్యూల్లో చూస్తూనే ఉన్నాం. "అప్లికేషన్ ఏంటి బాబూ?" తన భాషలో, తనలాంటి కెమిస్టులు చదువుకునే ఒక పత్రిక ఉంది కాబట్టే ఆ ఊహ కాగితం మీదికి వచ్చింది. కాగితం మీదికి వచ్చింది కాబట్టే ఈ రోజు మనం ఆయన పేరు చెప్పుకుంటున్నాం. అలాంటి పత్రిక తెలుగులో మనకేదీ?

ఇంకో సంగతి నా సొంత అనుభవం. సి-60లో 12 పంచభుజులు, 20 షడ్భుజులు అని ఇంగ్లీషులో గడగడా చెప్పి మార్కులు తెచ్చుకున్నాను. మొన్న ఒక జూనియర్‌కి తెలుగులో చెప్పబోతే వాడు "12 ఎందుకన్నా?" అన్నాడు. నోరు పెగల్లేదు. షడ్భుజులు బాత్‌రూమ్ టైల్స్‌లా చదునుగా పరుచుకుంటాయి, ఒక్కో పంచభుజి అక్కడ ఉపరితలాన్ని కొంచెం లోపలికి వంచుతుంది, పూర్తిగా చుట్టుకోవాలంటే సరిగ్గా 12 వంపులు కావాలి. సి-70 అయినా ఇంకా పెద్ద పంజరమైనా షడ్భుజులు పెరుగుతాయిగానీ పంచభుజులు 12 దాటవు. ఇది ఆయిలర్ సూత్రం. పేపర్ మీద వేసుకుని చూసేదాకా నాకూ అర్థం కాలేదు. ఇంగ్లీషు పదాలు నాకు తెలియదని నాకే తెలియకుండా కాపాడుతూ వచ్చాయి.

తెలుగులో రాయడమంటే ఎవరికీ నోరు తిరగని పదాలు పుట్టించడం కాదు. ఫుల్లరీన్‌ని ఫుల్లరీన్ అనే రాద్దాం. కానీ 'పంజరం' లాంటి మాట మనకుంది కదా. 2005లో క్యోటో యూనివర్సిటీలో కొమాత్సు బృందం ఈ పంజరానికి రసాయన చర్యలతో కన్నం పెట్టి, లోపలికి హైడ్రోజన్ అణువుని పంపి, మళ్లీ కన్నం పూడ్చేసింది. 2011లో అక్కడే ఒక్కటంటే ఒక్క నీటి అణువుని అలాగే బంధించారు. మామూలు నీళ్లలో ప్రతి అణువూ పక్కవాటి చేతులు పట్టుకుని ఉంటుంది. పంజరంలో అది ఒంటరిది, పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఈ వాక్యం మా టెక్స్ట్‌బుక్‌లో ఉంటే నేను కెమిస్ట్రీని ఇంకాస్త ప్రేమగా చదివేవాణ్ని.

వచ్చే సంచికకి రెండు పేజీలు ఖాళీ ఉంచమని ఎడిటర్ అక్కని అడిగాను. ఒకటి నాది: 2010లో స్పిట్జర్ టెలిస్కోప్ నక్షత్రాల దగ్గర సి-60 జాడ పట్టిన కథ, అంటే క్రోటో మొదట బయల్దేరిన చోటు. రెండోది మావాడిది, వాడి మినీ ప్రాజెక్టు గురించి, తెలుగులో. "చూద్దాంలేరా" అన్నాడు. ఎడిటర్ అక్క పేజీ ఖాళీగానే ఉంచింది.